బెణుకే కదా!

మేము కొండ మీద పుట్టినవాళ్ళం. నడక వచ్చిన నాటి నుంచే ఎక్కడం, దిగడం వచ్చినవాళ్ళం. బడికి నడిచాం, సంతకు నడిచాం. ఉపాధ్యాయ శిక్షణలో సీటు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి కూడా కొండ దిగి నడిచే వెళ్ళాం. మైదానం నుంచి బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయులు మొదటి వారంలో మా వెనక ఆయాసపడుతూ ఎక్కేవాళ్ళు. "మీ కొండోళ్ళ కాళ్ళు ఇనప కాళ్ళండీ!" అనేవాళ్ళు. ఆ మాట మాకు పొగడ్తలాగే వినిపించేది. ఇరవై ఏళ్ళుగా అదే మాట మా పిల్లలకూ చెబుతూ వచ్చాం. ఆ మాట ఎంత నష్టం చేసిందో మా కాలు బెణికాక గాని తెలిసిరాలేదు.

ఈ వ్యాసమంతా 'మేము' అనే రాస్తున్నాం. బెణికింది ఒకరి కాలే. కానీ డోలీ మోసింది నలుగురు. ఇంటికి నీళ్ళు తెచ్చింది ఇంకొకరు. బడిలో మా తరగతి చూసుకున్నది వేరొకరు. కాలు ఒకరిదైనా కుంటింది చాలామంది. పైగా ఇందులో ఒక తప్పు కూడా ఉంది, అది కూడా ఒక్కరు చేసింది కాదు. అందుకే 'మేము'.

అది అక్టోబరు నెల. దసరా సెలవులు అయిపోయినా మా ఆశ్రమ పాఠశాలకు ఇద్దరు పిల్లలు తిరిగి రాలేదు. వాళ్ళను తీసుకురావడానికి పాడేరు మన్యంలో రోడ్డు లేని ఒక గూడేనికి వెళ్ళాం. తల్లిదండ్రులతో మాట్లాడి, సోమవారం పంపిస్తామని మాట తీసుకుని, కాఫీ తోటల మధ్య కాలిబాటన దిగుతున్నాం. రాత్రి వాన పడింది. రాలిన సిల్వర్ ఓక్ ఆకులు తడిసి రాళ్ళకు అతుక్కుని ఉన్నాయి. చిన్నప్పటి నుంచి వందసార్లు దిగిన దారే. కుడి పాదం ఒక రాయి అంచున పడి లోపలికి మడత పడింది. లోపల ఏదో 'టప్' మన్నట్టయింది. లేద్దామని చూస్తే రెండో అడుగు పడలేదు.

తోటలో పని చేసుకుంటున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒక పెద్దాయన మా కాలు ఒళ్ళో పెట్టుకుని చూశాడు. "నరం పక్కకెళ్ళిపోనాది మాస్టారూ, ఒక్కసారి లాగితే కూకుంటాది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మేమూ సరే అన్నాం. ఆయన లాగాడు, నూనె రాసి గట్టిగా మర్దన చేశాడు. అరగంటలో చీలమండ బయటి గుబ్బ మీద కోడిగుడ్డు పెట్టినట్టు వాచింది.

రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు. నలుగురు కుర్రాళ్ళు డోలీ కట్టారు. అందులో ఇద్దరు మా దగ్గర చదివినవాళ్ళే. "ఎక్కాలు రాలేదని నన్ను గోడకుర్చీ వేయించారు సార్, ఇప్పుడు మిమ్మల్నే మోస్తన్నాను" అని ఒకడు నవ్వించాడు. గర్భిణులను, జ్వరాలతో ఉన్నవాళ్ళను డోలీలో దింపడం మేం చూశాం, మోశాం కూడా. అందులో కూర్చోవడం అదే మొదటిసారి. కింది నుంచి చూస్తే ఆ నలుగురి కాళ్ళే కనిపిస్తాయి. తడి రాయి మీద ఒక్కొక్క పాదం ఆనుకునే ముందు ఎలా వెతుక్కుంటుందో, ఆనాక చీలమండ ఎలా సన్నగా వణికి సర్దుకుంటుందో ఆ రోజు గమనించాం. అంతకుముందెన్నడూ ఆ పని కాలు చేస్తోందని మాకు తోచలేదు.

ఆసుపత్రిలో డాక్టరు వాపు జోలికి ముందు పోలేదు. చీలమండ లోపలి గుబ్బ, బయటి గుబ్బ వెనక అంచుల వెంట, చివర్ల మీద వేలితో నొక్కి "ఎముక మీద నొప్పి ఉందా?" అని అడిగారు. పాదం బయటి పక్క మధ్యలో ఉండే ఎముకను, లోపలి పక్క వంపు పైన ఉండే ఎముకను నొక్కారు. "నాలుగు అడుగులు వేయగలరా?" అన్నారు. వేయలేకపోయాం. అందుకని ఎక్స్‌రే తీయించారు. ఇది ఆయన సొంత పద్ధతేమీ కాదని తర్వాత తెలిసింది. కెనడాలోని ఒట్టావా నగర వైద్యులు 1992లో ప్రకటించిన నియమాలివి. ఆ చోట్ల ఎముక మీద నొప్పి లేకుండా, నాలుగు అడుగులు వేయగలిగితే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. ఎక్స్‌రే యంత్రానికి ఒక పూట ప్రయాణం దూరంలో ఉండే మనలాంటి వాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఇదే అనిపించింది. ఎవరిని కొండ దింపాలో, ఎవరిని ఇంటి దగ్గరే చూసుకోవచ్చో కొంత తెలుస్తుంది.

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. "విరగలేదు, బెణుకే" అన్నారు. మేం ఊపిరి పీల్చుకున్నాం. ఇంటికి ఫోను చేసి "బెణుకే" అన్నాం. ఇంటివాళ్ళు చుట్టాలకు "బెణుకే" అన్నారు. తెలుగు చెప్పే మాస్టర్లం కాబట్టి ఒక మాట చెప్పాలి. ఆ పదం చివర ఉన్న 'ఏ' అనే చిన్న అక్షరంలోనే మా అజ్ఞానమంతా ఉంది.

క్రేప్ బ్యాండేజి చుట్టించుకుని, చేతికర్రతో ఇంటికి చేరాం. మొదటి మూడు రోజులు మర్దన వద్దన్నారు. వేడి కాపడం వద్దు, నాటుసారా గాని కల్లు గాని తాగొద్దు అన్నారు. ఇవన్నీ వాపును పెంచుతాయట. మేం బెణికిన గంటలోనే మర్దన చేయించుకున్నవాళ్ళం. ఐసు దొరకదు కాబట్టి గెడ్డ నీళ్ళలో గుడ్డ తడిపి కాలి మీద వేశాం. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా దుప్పట్లు మడిచి కింద పెట్టాం. మూడు వారాలకు వాపు తీసింది. నొప్పి పెద్దగా లేదు. కర్ర పక్కన పెట్టేశాం. మళ్ళీ రమ్మన్నారు గాని, నొప్పి పోయాక ఆసుపత్రితో పనేంటి అనుకున్నాం. నిజం చెప్పాలంటే, సెలవు పెట్టినందుకు డ్యూటీలో చేరడానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, దాని కోసమే వెళ్ళాం.

సర్టిఫికెట్ రాసే ముందు ఫిజియోథెరపీ గదికి పంపారు. అక్కడి మేడం వయసులో మాకంటే చాలా చిన్న. "మాస్టారూ, ఎడమ కాలి మీద నిలబడండి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి" అన్నారు. నిలబడ్డాం. ఆవిడ పైకి లెక్కపెట్టారు. ఇరవై రెండు దాకా వచ్చింది. "ఇప్పుడు కుడి కాలు" అన్నారు. కళ్ళు మూశాం. మూడు అనేలోపే బల్ల పట్టుకున్నాం. మళ్ళీ చేశాం, మళ్ళీ మూడే. నొప్పి లేదు, వాపు లేదు. కానీ కళ్ళు మూస్తే కింద కాలే లేనట్టు ఉంది.

"కాలు నాది కానట్టుంది" అన్నాం, మాకు తెలియకుండానే.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఒక పిల్ల మాతో అన్నది సరిగ్గా ఆ మాటే.

ఆ పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతి. ఖోఖో ఆడేది. స్తంభం దగ్గర ఆ పిల్ల తిరిగే తీరు చూడాలి. వెనక తరుముతున్న పిల్ల నాలుగడుగులు ముందుకు పోయాక గాని తిరగలేకపోయేది, ఈలోగా ఈ పిల్ల అవతలి వరుసలో ఉండేది. జోనల్ పోటీలు పది రోజుల్లో ఉన్నాయనగా సాధనలో కాలు మడత పడింది. పసరు కట్టు వేయించాం, బాము రాశాం, నాలుగు రోజులు కూర్చోబెట్టాం. ఐదో రోజు నొప్పి తగ్గిందంది. దింపాం. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. "సార్, నొప్పి లేదు గాని కాలు నాది కానట్టుంది" అంది. ఆ రోజు మైదానంలో ముగ్గురు నలుగురు పెద్దవాళ్ళం ఉన్నాం. ఎవరు అన్నారో ఇప్పుడు వెతకడం అనవసరం, అందరం అన్నట్టే. "కొండ పిల్లవి, బెణుక్కి భయపడతావేంటి?" అన్నాం. పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆ పిల్ల ఇంకేం మాట్లాడలేదు.

పోటీల్లో స్తంభం దగ్గర తిరుగుతూ పడింది. అదే కాలు, అదే వైపు. తర్వాత గెడ్డ దాటుతూ ఒకసారి, కట్టెల మోపుతో దిగుతూ ఒకసారి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడులో గట్టున కూర్చుని మిగతా పిల్లల చెప్పులకు కాపలా ఉండేది. ఆ ఏడాది రికార్డులో మేం రాసింది ఇప్పటికీ ఉంది: 'ఆటలపై ఆసక్తి తగ్గినది.'

ఫిజియోథెరపీ గదిలో బల్ల పట్టుకుని నిలబడి ఆ వాక్యం తలచుకున్నాం. మేడంను అడిగాం, నొప్పి పోయాక కూడా కాలు ఎందుకు ఇలా ఉంటుందని. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. మాకు అర్థమైన మాటల్లో ఇక్కడ రాస్తున్నాం.

చీలమండలో ఎముకను ఎముకతో కట్టి ఉంచే నారపట్టీలు ఉంటాయి. వాటినే లిగమెంట్లు అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో సంధిబంధనాలని ఉంటుంది. పాదం లోపలికి మడత పడినప్పుడు బయటి పక్క ఉన్న పట్టీ సాగుతుంది, లేదా కొంత తెగుతుంది. బెణుకుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అయితే ఆ పట్టీలు ఉత్త తాళ్ళు కావు. వాటిలో నరాల కొసలు ఉంటాయి. పాదం ఏ వైపు వాలుతోందో, ఎంత వాలుతోందో అవి ఎప్పటికప్పుడు పైకి కబురు పంపుతుంటాయి. చీకట్లో నడుస్తున్నా పాదం ఎక్కడుందో మనకు తెలిసేది కండరాల్లో, కీళ్ళలో ఉన్న ఇలాంటి కావలి వల్లే.

చేలో మంచె ఉంటుంది కదా. అడవిపంది చేలోకి దిగకముందే మంచె మీదివాడు కేకేస్తే, కిందివాళ్ళు లేచి తరుముతారు. చీలమండ దగ్గర కేకేసేది ఆ నరాల కొసలు. లేచి పాదాన్ని బయటికి లాగి పట్టేది పిక్క బయటి పక్క ఉన్న కండరాలు. బెణికినప్పుడు పట్టీతో పాటు ఆ కావలి కూడా దెబ్బతింటుంది. పట్టీ అతుక్కోవచ్చు, నొప్పి పోవచ్చు. కావలివాడు మాత్రం మగతలోనే ఉంటాడు. పాదం వాలుతున్న కబురు ఆలస్యంగా అందుతుంది, కండరం ఆలస్యంగా లేస్తుంది, ఈలోగా కాలు మళ్ళీ మడత పడుతుంది. ఒకసారి బెణికిన కాలే పదేపదే బెణకడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంగ్లండులో ఫ్రీమన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1965లోనే ఈ సంగతి గుర్తించి, ఊగే పలకల మీద నిలబెట్టి కాలికి నిలకడ నేర్పే సాధన చేయించారు. నెదర్లాండ్స్‌లో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో చీలమండ బెణికిన 522 మంది క్రీడాకారులను పరిశీలించారు. మామూలు చికిత్సతో పాటు ఎనిమిది వారాలు ఇంటి దగ్గరే నిలకడ సాధన చేసినవాళ్ళలో ఏడాదిలోపు మళ్ళీ బెణికింది 22 శాతం మందికి. సాధన చేయనివాళ్ళలో 33 శాతం మందికి.

'ఇంటి దగ్గరే' అన్న మాట దగ్గర మేం ఆగాం. ప్రతి వారం ఆసుపత్రికి రావాలంటే మాకు ఆటో, బస్సు కలిపి ఒక రోజు పోతుంది. మేడంకు ఆ మాటే చెప్పాం. ఆవిడ ఒక కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చారు. యంత్రాలు లేకుండా ఏం చేయొచ్చో ఒక్కొక్కటి చేసి చూపించారు. ఆ కాగితం ప్రకారం మేం చేసింది ఇది.

మొదటిది, కదలిక. వాపు తీసేటప్పుడే మొదలుపెట్టాల్సింది, మేం ఆలస్యంగా మొదలుపెట్టాం. పడుకుని, కాలు ఎత్తులో పెట్టుకుని, బొటనవేలు కలం అనుకుని గాలిలో అక్షరాలు రాయాలి. మేడం ఏబీసీడీలు రాయమన్నారు. మేం అఆలు రాశాం. తెలుగు లిపిలో వంకరలు ఎక్కువ కదా, చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. 'ఋ', 'ౠ' దగ్గరకు వచ్చేసరికి చెమట పట్టేది. హాస్టలు పిల్లలు కిటికీలోంచి చూసి "సార్, కాలి దస్తూరీ బాలేదు, మళ్ళీ రాయండి" అని గోల చేసేవాళ్ళు.

రెండోది, బలం. పాత సైకిల్ ట్యూబును పట్టీలా కోసి, ఒక కొస మంచం కోడుకు కట్టి, రెండో కొస పాదానికి తగిలించుకుని, పాదాన్ని మెల్లగా బయటికి లాగడం. పదిహేను సార్లు చొప్పున మూడు విడతలు. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు తాకించి, పిక్క సాగేలా వంగడం. గోడ పట్టుకుని రెండు మడమలు పైకెత్తడం, కొన్నాళ్ళకు ఒక్క కాలి మీదే ఎత్తడం.

మూడోది, అసలైనది, నిలకడ. గోడ పక్కన, చెప్పులు లేకుండా, ఒంటికాలి మీద ముప్పై లెక్కపెట్టేదాకా నిలబడాలి, మూడుసార్లు. అది కుదిరాక కళ్ళు మూసుకుని. అదీ కుదిరాక మడిచిన దుప్పటి మీద. మెత్తటి చోట పాదం ఊగుతుంది, ఆ ఊగుడుకే కావలివాడు మేలుకుంటాడు. తర్వాత ఒంటికాలి మీద నిలబడి ఎవరైనా విసిరిన బంతి పట్టుకోవడం. ఆ తర్వాత నేల మీద సుద్దముక్కతో ఎనిమిది దిక్కులకూ గీతలు గీసి, మధ్యలో బెణికిన కాలి మీద నిలబడి, రెండో పాదాన్ని ఒక్కొక్క గీత మీద వీలైనంత దూరం చాపి వెనక్కి తెచ్చుకోవడం. గీతల ముగ్గు చూసి మా ఇంట్లో "సంక్రాంతి ముందే వచ్చిందా?" అన్నారు. చివరగా చిన్న గెంతులు, ముందుకూ పక్కకూ. తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా పరుగు.

ఒక మెట్టు కుదరకుండా పై మెట్టుకు పోలేదు. మర్నాడు పొద్దున్న వాపు కనిపిస్తే ఒక మెట్టు కిందికి దిగాం. రోజూ వేపపుల్లతో పళ్ళు తోముకునే సేపు ఒంటికాలి మీదే ఉన్నాం. కళ్ళు మూసి నిలబడే లెక్క మూడు నుంచి మొదలై, రెండో వారానికి ఏడు, నాలుగో వారానికి పదమూడు. మధ్యలో ఒక వారం అస్సలు పెరగలేదు, విసుగొచ్చి మానేద్దామనుకున్నాం. ఎనిమిదో వారానికి ఇరవై. అప్పుడు ఆ గూడేనికి మళ్ళీ నడిచి వెళ్ళాం. సోమవారం వస్తామన్న ఆ ఇద్దరిలో ఒక్కడే బడికి వచ్చాడు, రెండోవాడి కోసం.

ఇదంతా చదివి మన పెద్దల వైద్యం పనికిరాదంటున్నామని అనుకోవద్దు. మా అమ్మమ్మ పసరు కట్టు కట్టేది. పసరు చల్లగా ఉంటుంది, కట్టు కాలిని కదలకుండా పట్టుకుంటుంది, ఆ రెండూ మంచివే. ఒకసారి మా మేక కాలు బెణికింది. అమ్మమ్మ దానికి కట్టు కట్టి ఇంటి ముందు చదును నేల మీదే ఉంచింది. మేత అక్కడికే తెచ్చి వేసేది. కట్టు విప్పాక కూడా కొండ మీదికి వదల్లేదు. కొన్నాళ్ళు పెరట్లో, కొన్నాళ్ళు కోసిన చేలో తిప్పి, ఆ తర్వాతే మందలో కలిపింది. మేకకు మా అమ్మమ్మ ఇచ్చిన ఆ వారాలు ఆ పిల్లకు మేం ఇవ్వలేదు. పెద్దల దగ్గర కట్టు నేర్చుకున్నాం, ఓపిక నేర్చుకోలేదు. ఇనప కాళ్ళన్న పొగడ్త ఒకటి నెత్తిన పెట్టుకుని తిరిగాం. ఇనుముకు బెణుకు ఉండదు, చికిత్సా ఉండదు. ఆదివాసీ కాలు ఇనప కాలు అనుకున్నంత కాలం దానికి వైద్యం కావాలని ఎవరికీ తోచదు, మనకు కూడా.

సంక్రాంతి సెలవులకు ఆ పిల్ల ఇంటికొచ్చిందని తెలిసి వాళ్ళ ఊరు వెళ్ళాం. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్ళమ్మ చాప వేసి కూర్చోబెట్టి, సోళ్ళ అంబలి ఇచ్చింది. ఆ పిల్ల గెడ్డ నుంచి బిందెతో వస్తోంది. చూపు దారి మీద లేదు, తన పాదం మీద ఉంది. అడుగు తీసి అడుగు వేసే ముందు ప్రతిసారీ కిందికి చూసుకుంటోంది. ఆ వయసు పిల్లలు మా కొండల్లో అలా నడవరు.

మా కాలి కథ చెప్పాం. అప్పుడు నువ్వన్న మాట మాకు అర్థం కాలేదమ్మా, ఇప్పుడు అర్థమైంది అన్నాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడే ఎవరైనా చెప్పుంటే బాగుండేది కదా సార్" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే కొంత తేలికగా ఉండేది మాకు. వాళ్ళమ్మ "పెద్దోళ్ళతో అలాగంటారా?" అని కసిరింది. "అననివ్వమ్మా" అన్నాం.

ఆ రోజు వాళ్ళ వాకిట్లోనే నిలబెట్టి చూశాం. కళ్ళు మూస్తే ఐదు. నాలుగేళ్ళయినా ఐదే. ఇంత ఆలస్యమయ్యాక ఫలితం ఉంటుందా అని ఆమెకు అనుమానం. పాత బెణుకుకు కూడా ఈ సాధన మేలు చేస్తుందని మేడం చెప్పిన మాట చెప్పాం. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాం. తర్వాత మా కాగితాన్ని నకలు రాసి ఇచ్చాం. సైకిల్ ట్యూబు కూడా ఇచ్చాం. హాస్టల్లో చేస్తుంటే తోటి పిల్లలు నవ్వుతున్నారని ఒకసారి ఫోను చేసింది. "వాళ్ళనూ కళ్ళు మూసుకుని నిలబడమను" అన్నాం. తర్వాత వారం అందరూ చేస్తున్నారని చెప్పింది.

చైత్రంలో ఇటుకల పండగకు వాళ్ళ ఊరు పిలిస్తే వెళ్ళాం. డప్పు, తుడుము, మోరి మోగుతున్నాయి. ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు చేతులు వేసుకుని థింసా వరుస కట్టారు. థింసా చూసేవాళ్ళకు సులువుగా కనిపిస్తుంది. అడుగులన్నీ ఒక్క లయలో పడాలి, బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మారుతూనే ఉండాలి, వరుస మలుపు తిరిగేటప్పుడు చివరనున్నవాళ్ళు దాదాపు పరుగెత్తాలి. ఆ పిల్ల వరుస మధ్యలో నిలబడింది, రెండు వైపులా పట్టు ఉంటుందని. మొదట్లో పాదాల వైపే చూస్తోంది. కొంతసేపయ్యాక చూడటం మానేసింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి వాపు ఉందా అని అడిగాం. "లేదు సార్" అంది. ఖోఖో మాత్రం ఆ పిల్ల మళ్ళీ ఆడలేదు. ఆడే వయసు, జట్టు, పోటీలు అన్నీ దాటిపోయాయి. అది మేం తిరిగి ఇవ్వగలిగింది కాదు.

తోటి ఉపాధ్యాయులకు కొన్ని మాటలు చెప్పి ముగిస్తాం. బెణికిన పిల్ల నాలుగు అడుగులు వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి అన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కాలి ఆకారం మారినా, వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ రోజే, ఆలస్యం లేకుండా తీసుకెళ్ళాలి. ఎదిగే పిల్లల్లో ఎముక పెరిగే భాగం చీలమండ దగ్గరే ఉంటుంది, అక్కడి దెబ్బ బెణుకులాగే కనిపించవచ్చు. లాగనివ్వకండి, మర్దన చేయనివ్వకండి. కట్టు వేళ్ళ మొదలు నుంచి పైకి చుట్టండి, వేళ్ళు నీలం తిరిగేంత బిగువుగా వద్దు. నొప్పి పోయిందని మైదానంలోకి తోయకండి. రెండు కాళ్ళ మీదా నిలకడ సమానంగా వచ్చేదాకా, బెణికిన కాలితో నొప్పి లేకుండా గెంతగలిగేదాకా ఆగండి. పోటీలు వచ్చే ఏడు కూడా ఉంటాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు ఒక్క మాట. 'కాలు నాది కానట్టుంది' అని మీకు అనిపిస్తే అది భయం కాదు, పిరికితనం కాదు. అది మీ కాలు పంపుతున్న కబురు. పెద్దవాళ్ళు నవ్వినా మళ్ళీ చెప్పండి. మేం విననట్టుంటే ఇంకొకరికి చెప్పండి.

మా బడి ఆటల రిజిస్టరులో ఈ ఏడాది రెండు కొత్త గడులు గీశాం. ఒకటి కుడి కాలు, ఒకటి ఎడమ కాలు. కళ్ళు మూసుకుని ఎంత లెక్క దాకా నిలబడ్డారో జట్టులోని ప్రతి పిల్ల పేరు ఎదుట నెలకోసారి రాస్తున్నాం. రెండు గడుల్లో అంకెలు దూరంగా ఉంటే ఆ నెల ఆ పిల్లకు స్తంభం దగ్గర పని లేదు, దుప్పటి మీద పని. 'ఆసక్తి తగ్గినది' అని రాయడం మానేశాం.

నొప్పి తగ్గిన పిల్లను చూసి ఎవరైనా "బెణుకే కదా" అంటే గోడ పక్కన ఒంటికాలి మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమనండి. లెక్కపెట్టండి. ఆ తర్వాతే మాట్లాడండి.